జేజి పేరు పెట్టుకున్న ఇద్దరం

నా మీద తీర్చని అప్పు ఒకటి ఉందన్న వార్తను మొదట నాకు చెప్పింది మా ఇంటి ఓనరమ్మ. నానక్‌రామ్‌గూడలో పుట్టి, నానక్‌రామ్‌గూడలోనే మనువాడి, ఒకప్పుడు తను జొన్నలు కోసిన చోట అద్దాల మేడలు లేస్తుంటే రోజూ మెట్ల మీద కూర్చుని చూసిన మనిషి. ఆ సాయంత్రం నేను షేర్ ఆటో దిగి వచ్చేసరికి అదే మెట్ల మీద పుంటికూర గిల్లుతూ కూర్చుని ఉంది.

"ఏమమ్మా, బండి ఎప్పుడు కొన్నవ్? మాకు మిఠాయి గూడ పెట్టకపోతివి."

"బండా? నాకు సైకిలే రాదు కదమ్మా."

"గదే నేను గూడ అన్న. బ్యాంకుకెళ్లి ఒకాయన వచ్చిండు. ఇల్లు ఇదేనా, ఎన్నేండ్ల సంది ఉంటున్నరని అడిగిండు. మంచోళ్లు, ఒకటో తారీఖుకే కిరాయి చేతుల పెడ్తరని చెప్పిన. కిరాయి పెడ్తరు గాని బండి పైసలు కట్టలేదట గదా, లోను రాదిగ, అన్నడు. గా మాటకు నాకు ఒళ్లు మండి ఛాయ్ పెట్టుడు గూడ బంద్ జేసిన."

ఆయనకు ఛాయ్ దక్కనందుకు నాకు నవ్వొచ్చింది. లోను రాదన్న మాట ఆ నవ్వు వెనక నుంచి వచ్చి గుండెలో కూర్చుంది.

అప్పట్లో నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవరణలోని పిల్లల కేంద్రంలో పనిచేసేదాన్ని. తల్లులు పైఅంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటే, వాళ్ల పిల్లలకు అన్నం పెట్టి, నిద్రపుచ్చి, నాలుగు పద్యాలు నేర్పడం నా పని. మా ఆయన బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవారు. ఆయన జీతం వారం వారం చేతికిచ్చేవాళ్లు, దానికి కాగితం ఉండేది కాదు. జీతం కాగితం ఉన్నది నాకే గనక, ఇంటి లోను నా పేరు మీదే అడిగాం.

ఇల్లంటే మదీనాగూడలో హైవే వెనక సందులో, పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. అది మాకు అందే ధరకు వచ్చిందంటే ఉద్యమం పుణ్యమే. రాష్ట్రం విడిపోతుందా, విడిపోతే ఏమవుతుంది అన్న భయంతో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. అమ్మే ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. గుంటూరు వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. "దసరా వెళ్లాక పదిహేను రోజులు చూస్తానమ్మా. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దండి, వేరే వాళ్లకి మాటిచ్చేస్తాను," అన్నాడు. అప్పటికి దసరా ఇంకా నెల దూరం ఉంది.

మాకు వేరే దారి లేకపోయింది. ఓనరమ్మ కొడుకులు మేమున్న ఇంటిని బిల్డరుకు ఇచ్చేశారు. సంక్రాంతి దాటాక కూలగొడతారు. నానక్‌రామ్‌గూడలో కిరాయిలు అప్పటికే మా చేతికి అందనంత ఎత్తుకు పోయాయి. పెళ్లయినప్పటి నుంచి ఏడు ఇళ్లు మారాం. ప్రతి ఇంట్లోనూ వంటగట్టు మూల ఒక స్టూలు వేసి దానిమీదే దేవుళ్లను కూర్చోబెట్టాను. మదీనాగూడ ఫ్లాటులో తూర్పు గోడకు చిన్న దేవుడి గూడు ఉంది. దాన్ని చూశాక వేరే ఇల్లు చూడబుద్ధి కాలేదు. భగవంతుణ్ణి నేను ఇదివ్వు అదివ్వు అని పెద్దగా అడిగిన మనిషిని కాను. ఈ ఒక్కటి మాత్రం అడిగాను.

మర్నాడు అరపూట సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాను. లోన్లు చూసే ఆఫీసరు మెదక్ వైపు ఆయన, రిటైర్మెంటుకు దగ్గర పడినవాడు. చొక్కా జేబుకు ఉద్యమం బ్యాడ్జి పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఒక ప్రింటు నా ముందుకు తోశాడు.

"ఇది క్రెడిట్ రిపోర్టు తల్లీ. నువ్వు ఇప్పటిదాక ఏమేం అప్పులు తీస్కున్నవో, ఎట్ల కట్టినవో అన్నీ ఇండ్ల ఉంటయ్. ఫ్రిజ్ లోను సక్కగ కట్టినవ్. బంగారం మీద తెచ్చింది సక్కగ కట్టినవ్. మరి ఈ బండి లోను సంగతేంది? చివరి వాయిదాలు ఎగ్గొడితివి."

కాగితం మీద పేరు నాదే. పుట్టిన తేదీ నాదే. కింద పాత చిరునామా మా కర్నూలు జిల్లా ఇంటిదే, మా తాత కట్టిన ఇల్లు. చదివిన మరుక్షణం నాకు అర్థమైంది. ఆయనకు మాత్రం "నాది కాదు సార్" అని చెప్పి ఊరుకున్నాను.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. నాన్నను కన్న తల్లిని మేము జేజి అంటాం. జేజి పోయిన ఏడాదిలో పుట్టిన ఆడపిల్లకు ఆమె పేరు పెట్టాలి. జేజి పోయాక మా నాన్నకు నేను పుట్టాను, ఇరవై రోజుల తేడాతో మా చిన్నాన్నకు ఒక కూతురు పుట్టింది. అన్నదమ్ములిద్దరూ అమ్మ పేరు నాకంటే నాకని పట్టుబట్టి, చివరికి ఇద్దరూ పెట్టుకున్నారు. ఇంటిపేరు ఎటూ ఒకటే. అయితే ఆ పేరుతో మమ్మల్ని ఒక్కరోజు కూడా ఎవరూ పిలవలేదు. అత్తగారి పేరు పెట్టి పిల్లల్ని తిట్టడానికి కోడళ్లకు నోరెట్లా వస్తుంది? అందుకని నేను పెద్దపాప, అది చిన్నపాప. అసలు పేరు బీరువాలో పెట్టిన పట్టుచీరలా కాగితాల్లో మాత్రం ఉండిపోయింది.

పుట్టిన తేదీ కూడా ఒకటే కావడం మా పెదనాన్న చేసిన పని. హైస్కూలు పొరుగూళ్లో ఉండేది, ఆడపిల్లల్ని అంత దూరం పంపేవాళ్లు కాదు. పిల్లలు లేని పెదనాన్న మా ఇద్దరినీ వసారాలో చాప మీద కూర్చోబెట్టి తనే చదువు చెప్పాడు. లెక్కలు, తెలుగు, కొంచెం ఇంగ్లీషు, పొద్దున లేవగానే విష్ణుసహస్రనామం. చివరికి ప్రైవేటుగా పదో తరగతి కట్టించాడు. ఆ దరఖాస్తుల్లో ఇద్దరికీ ఒకే తేదీ వేశాడు. అది నేను పుట్టిన రోజూ కాదు, చిన్నపాప పుట్టిన రోజూ కాదు. ఇదేమిటని మా నాన్న అడిగితే, "ఇద్దరూ నా ముందర ఒకనాడే పలక పట్టినారు. నా లెక్కలో ఆ తేదీనే పుట్టినారు. ఒకదాన్ని పెద్ద చేసి ఒకదాన్ని చిన్న చేసేది నా చేతకాదు," అన్నాడట.

ఆ ప్రేమే ఇన్నేళ్లకు నా లోను కాగితానికి అడ్డం పడింది. పెళ్లయినా సర్టిఫికెట్లలో ఉన్న ఇంటిపేరే ఇద్దరం కొనసాగించాం. బండి లోను చిన్నపాపది. నాలాగా పాన్ కార్డు కాక, పాత చిరునామా ఉన్న ఓటరు కార్డు ఇచ్చి తీసుకుంది.

ఆఫీసరు దారి చెప్పాడు. "నీది కాకుంటే కాదని రాసి పంపాలె. రిపోర్టు తయారు చేసేటోళ్లు ఆ ఫైనాన్స్ కంపెనీని అడుగుతరు. ఈమె వేరే, మా దగ్గర తీస్కున్నామె వేరే అని వాళ్లు చెప్పాలె. గప్పుడు తీసేస్తరు."

ఇక్కడ నేనొక తప్పు చేశాను. చిన్నపాప సంగతి ఎత్తకుండా పని జరిగిపోతే బాగుండునని, నా పాన్ కార్డు నకలు పెట్టి, ఆ బండి నాది కాదని మాత్రం రాసి పంపాను. చెల్లెల్ని పట్టుకుని "నువ్వు బాకీ కట్టలేదంట" అని ఎలా అడగను? దాని మొగుడు బట్టల మూటలు ఊరూరా తిప్పి అమ్మేవాడు. రెండేళ్ల కిందట చెయ్యి విరిగి మంచం పట్టాడని విన్నాను గాని, వెళ్లి చూడలేదు. ఆ సిగ్గు కూడా ఉంది. ఉత్తరం పంపి రోజూ దండం పెట్టుకుంటూ కూర్చున్నాను. మూడు వారాలకు జవాబొచ్చింది. పేరు, తేదీ, చిరునామా మూడూ సరిపోతున్నాయని ఫైనాన్స్ కంపెనీ చెప్పిందట. రిపోర్టు మార్చేది లేదు.

ఆ రాత్రి కంచాల ముందు మా ఆయన అన్నారు: "ఫోన్ చెయ్యకుంటే ఎట్ల మే? దొంగతనం జేసినావని చెప్పబోతావా ఏమి? కాగితం తప్పు పడిందని చెప్పు."

"అది నొచ్చుకుంటే?"

"నొచ్చుకుంటే ఇల్లొద్దులే. ఎనిమిదో కిరాయి కొంప చూసుకుందాం. నువ్వు దిగులు పడి అన్నం మానొద్దు, అంతే."

ఆ మాట అన్నందుకే ఆయనకు సొంత ఇల్లు చూపించాలనిపించింది. తెల్లారి దీపం పెట్టి ఫోన్ చేశాను.

"ఏమక్కా, ఈ పొద్దు సూర్యుడు యాడ పొడిసినాడు?" అంది చిన్నపాప.

ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను.  అవతల అది పకపకా నవ్వింది.

"అంటే కర్నూల్లో నా బండి పోయి హైదరాబాదులో నిన్ను గుద్దిందా అక్కా?"

"నవ్వొద్దు మే. నాకు ఏడుపొస్తాంది."

"నవ్వకుంటే నాకూ ఏడుపే వస్తాది." గొంతు తగ్గించింది. "ఆయప్ప చెయ్యి ఇరిగినాక కట్టలేకపోతిమి అక్కా. నీకు చెప్పుకోవాలంటే మొగం రాల్యా. ఇప్పుడేం జెయ్యల్ల చెప్పు."

"నువ్వొచ్చి, ఆ లోను నాదీ, మా అక్కది కాదు అని సంతకం పెట్టల్ల. నీ పదో తరగతి సర్టిఫికెట్టు తేవల్ల. కానీ బస్సుల్లేవు కదా, సమ్మె."

"బస్సుల్లేకుంటే ఏమి, టమోటా బండ్లు ఉండాయి గదా."

నిజంగానే మూడోనాడు టమోటా బండెక్కి వచ్చింది. అది సకలం స్తంభించిన కాలం. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. ఆఫీసులకు తాళాలు, రోడ్ల మీద ఊరేగింపులు. ఆ రోజు గచ్చిబౌలి దగ్గర వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వేసి, అక్కడే వండి, వచ్చినవాళ్లకల్లా వడ్డించి, బండ్లను ఆపేసే నిరసన అది. మా ఓనరమ్మ పొద్దున్నే తన పెద్ద గుండిగ నెత్తిన పెట్టుకుని పోయింది. మధ్యాహ్నం డ్రైవరు ఫోన్ నుంచి చిన్నపాప మాట్లాడింది. బండి అక్కడే ఆగిపోయిందని, రోడ్డు మీద ఉన్నానని.

నేను కంగారుగా నడుచుకుంటూ వెళ్లాను. చూస్తే, మా చెల్లెలు పోలీసుల మధ్యా లేదు, బండిలోనూ లేదు. టార్పాలిన్ మీద ఆడవాళ్ల వరుసలో కూర్చుని వంకాయలు కోస్తోంది. పక్కన మా ఓనరమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"గీమె నీ చెల్లెలట గదా. మొగం జూస్తెనే ఎరుకైంది," అంది ఓనరమ్మ. "సీమ మనిషైనా వంకాయ మంచిగ కోస్తది."

"అన్నం పెట్టినారు అక్కా. ఊరికే తినిపోతే ఏం బాగుంటాదని కోస్తాండా," అంది చిన్నపాప.

"పెరుగు ఇంక ఏసుకోలేదు. జై తెలంగాణ అంటెనే ఏస్త," అని ఓనరమ్మ గరిటె వెనక్కి తీసింది.

"పెరుగు కోసరమైతే రెండుసార్లంటా. గిన్నె నిండా పొయ్యమ్మా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. చిన్నపాప అంది కూడా, రెండుసార్లు. పెరుగు గిన్నె నిండా పడింది. మైకులో ఎవరో గొంతు చించుకుంటుంటే నేనూ ఆ టార్పాలిన్ చివర కూర్చుని రెండు ముద్దలు తిన్నాను. ఆ కాలంలో మా వాళ్లు ఊళ్ల నుంచి ఫోన్ చేసి "అక్కడ మిమ్మల్ని ఉండనిస్తారా?" అని అడిగేవాళ్లు. నాకు ఆ గుండిగలో అన్నం గుర్తొస్తుంది. ఆ రాత్రి ఓనరమ్మ చిన్నపాపకు తన నులక మంచమిచ్చి తను కింద పడుకుంది.

మర్నాడు బ్యాంకు తెరిచే వేళకు ఇద్దరం ఆఫీసరు ముందు కూర్చున్నాం. దసరా వెళ్లి అప్పటికి నాలుగు రోజులు. ఆయన మా సర్టిఫికెట్లు పక్కపక్కన పరిచి చాలాసేపు చూశాడు.

"పేరు ఒకటి. తేది ఒకటి. ఊరు ఒకటి. హాల్ టికెట్ నంబర్లు గూడ ఒకదాని పక్కన ఒకటి. ఇట్లుంటే కంప్యూటర్ది ఏం తప్పు తల్లీ? నేనైనా కలిపేద్దును." ఇంకొంచెం కిందికి చూశాడు. "మంచిదే, పుట్టుమచ్చలున్నయ్. పదో తరగతి కాగితం మీద మనిషిని గుర్తుపట్టనీకి రెండు మచ్చలు రాస్తరు గదా. అవ్వి చాలు." నా సర్టిఫికెట్టు చదివాడు. "కుడి మణికట్టు మీద కాలిన మచ్చ. ఏది, చూపియ్యి."

నా మణికట్టు మీద ఏమీ లేదు. కాలిన మచ్చ చిన్నపాపది, గంజి వంచుతూ కాల్చుకున్నది. దాని సర్టిఫికెట్టులో గడ్డం కింద పుట్టుమచ్చ అని ఉంది. అది నాది.

పెదనాన్న ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు దరఖాస్తులూ ఒకేసారి నింపాడు. ఏ కాగితం ఎవరిదో తడబడినట్టుంది. ఇన్నేళ్లూ మేమెవరం చూసుకోలేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "సర్కారు లెక్కల నువ్వు ఆమె, ఆమె నువ్వు. ఇప్పుడు లోను నేనెవరికియ్యాలె?" అని భుజాలు కదిలేట్టు నవ్వాడు. ముందు చిన్నపాప నవ్వింది, తర్వాత నేను. నవ్వుతూనే నాకు కళ్లు తడిశాయి. పెదనాన్న పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. ఆ బల్ల దగ్గరికి వచ్చి నాలుగో కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది.

"మచ్చలిడిచిపెడదాం," అన్నాడు ఆయన. "ఇద్దరి ఫోటోలున్న ఓటరు కార్డులున్నయ్, నంబర్లు వేరే ఉన్నయ్. ఇద్దరూ నా కండ్ల ముందట కూసున్నరు. ఇంతకన్న సాక్ష్యమేం కావాలె? నేనే రాసిస్త." స్టాంపు కాగితం మీద చిన్నపాప పెట్టవలసిన సంతకానికి మాటలు కూడా ఆయనే చెప్పి టైపు చేయించాడు.

పెన్ను చేతికిచ్చే ముందు రిపోర్టు చివరి పేజీ తిప్పాడు. అప్పిచ్చేవాళ్లు ఎవరెవరు ఎప్పుడు ఈ రిపోర్టును అడిగి చూశారో అక్కడ రాసి ఉంటుంది.

"పోయిన నెల కర్నూలుల ఒక బ్యాంకు అడిగింది. మిషను లోను అని ఉంది. ఇది మీ ఇద్దరిల ఎవరిది?"

చిన్నపాప నేల చూపులు చూసింది. "నాదే సార్. జాకెట్లకు ఎంబ్రాయిడరీ చేసే మిషను. వచ్చే వారం మంజూరు అయితాదని చెప్పినారు."

ఆయన మాట మెత్తబడింది. "చూడమ్మా. వాళ్లు చూసింది ఈ కలిసిపోయిన రిపోర్టే. నీ బాకీ ఉంది, దాని పక్కన మీ అక్క సక్కగ కట్టినవి ఉన్నయ్. చిన్న లోను గనక సర్దుకుని సరే అన్నట్టున్నరు. ఇంటి లోనుకు మేము గట్ల సర్దుకోలేం. నువ్వు ఈ సంతకం పెడితే మీ అక్కది శుభ్రమైతది. నీ పేరు కింద నీ బాకీ ఒక్కటే మిగుల్తది. వాళ్లు మిషను ఇయ్యరు."

 ఆ మిషను మీదే దాని ఇల్లు నిలబడాలి. చెయ్యి సరిగా అతకని మొగుడు ఇక మూటలు మోయలేడు. అది నాకు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పలేదు.

"వద్దు సార్," అన్నాను. "ఈ పొద్దు సంతకం వద్దు. దానికి మిషను వచ్చినాక పెడతాది."

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "తెలియక జరిగింది తప్పు తల్లీ. ఇప్పుడు ముగ్గురికీ తెలిసింది. తెలిసి ఆగి తీస్కుంటే అది మోసం. నేను చెప్పకూడదు, నువ్వు చెయ్యకూడదు."

ఆయన అన్నది నిజమేనని నాకు తెలుసు. అయినా "అయితే ఇల్లు వదులుకుంటాం. పద చిన్నపాపా," అని లేచాను. మనస్ఫూర్తిగానే లేచానని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ నిమిషంలో తూర్పు గోడ గూడు కళ్ల ముందు లేదని మాత్రం చెప్పలేను.

చిన్నపాప నా కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"కూచో అక్కా. శానా పెద్దరికం చేస్తాండావు. నువ్వు కట్టిన కంతులు చూపెట్టి నేను మిషను తెచ్చుకునేదేంది? రేపు దానిమీద కుట్టేటప్పుడు నా కాలు ఆడుతుందా?" అని ఆఫీసరు వైపు చెయ్యి చాపింది. "పెన్నియ్యండి సార్. మా అక్క మనసు మారేలోపల పెట్టేస్తా."

పెట్టేసింది. మా జేజి పేరు, మా ఇంటిపేరు, నేను ఎలా రాస్తానో అలాగే. పెదనాన్న నేర్పిన రాతే కదా ఇద్దరిదీ.

అంతటితో ఆగలేదు. ఆ కాగితాలూ ఆఫీసరు చేత్తో రాసిచ్చిన ఉత్తరమూ పట్టుకుని, వచ్చిన దారినే ఇంకో ఖాళీ కూరగాయల బండిలో వెనక్కి పోయింది. కర్నూల్లో ఆ ఫైనాన్స్ కంపెనీ ఆఫీసు గడపలో కూర్చుంది. రేపు రమ్మంటే రేపొచ్చింది, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండీ వచ్చింది. "నా బాకీ నా పేరుకు రాసుకోమని అడుక్కునే మనిషిని వాళ్లు ఎప్పుడూ చూసిండరు అక్కా. పిచ్చిదనుకుని మంచినీళ్లిచ్చినారు," అని ఫోన్‌లో నవ్వింది. నాలుగోనాడు వాళ్లు రాసి పంపారు. ఫ్లాటు అమ్మే పెద్దమనిషి పెట్టిన గడువు ఇంకా రెండు రోజులుందనగా ఆఫీసరు నన్ను పిలిచి కొత్త రిపోర్టు చూపించాడు. అందులో ఫ్రిజ్ ఉంది, బంగారం ఉంది, బండి లేదు. నేను కుర్చీలోంచి లేచి ఆయనకు దండం పెడితే ఆయన కంగారుపడి చుట్టూ చూశాడు.

కార్తీకంలో పాలు పొంగించాం. ఓనరమ్మ పుంటికూర పచ్చడి సీసాతో వచ్చి గదులన్నీ తిరిగి, గాలి మంచిగ వస్తది అంది. అమ్మిన పెద్దమనిషి గుంటూరు నుంచి ఫోన్ చేసి, తులసి కోట వదిలేసి వచ్చానమ్మా, నీళ్లు పోస్తుండండి అన్నాడు. ఇందరి మంచి నా మీద కురిసింది. ఎవరికి ఎంతని దండం పెట్టను?

చిన్నపాప ఆ వేడుకకు రాలేదు. ఆఫీసరు చెప్పినట్టే కర్నూలు బ్యాంకు దానికి మిషను ఇవ్వలేదు. మూడేళ్లపాటు కాలి మిషను మీద జాకెట్లు కుట్టి, ఆ బండి తాలూకు మిగిలిన వాయిదాలు ఒక్కొక్కటే కట్టుకుంది. ఒకసారి నేను డబ్బు పంపాను. వారం తిరక్కుండా వెనక్కి పంపేసింది. "ఒద్దక్కా, మళ్లా మన కాగితాలు కలిసిపోతాయి. విడదీసేకి టమోటా బండెక్కే ఓపిక నాకు లేదు," అంది. నాకు సంతోషం కలగాలని ఒకసారి నేను కట్టుకునే రంగులో జాకెట్టు కుట్టి పంపింది. మెడ చుట్టూ వేసిన ఎంబ్రాయిడరీ కుట్లు దగ్గరగా, తిన్నగా ఉన్నాయి. మిషను కుట్టు కాదు, చేతి కుట్టు. ఆ ఎంబ్రాయిడరీ చేతితో వేయడానికి ఎన్ని రాత్రులు పట్టిందో నేను అడగలేదు. అడిగినా చెప్పే రకం కాదు.

రాష్ట్రం వచ్చాక దానికి వేరే బ్యాంకులో మిషను వచ్చింది. తన సొంత రిపోర్టు మీద, తన సొంత సంతకంతో. ఆ రోజు నాకు ఫోన్ చేసి మాట్లాడలేక, మిషను నడిపి ఆ చప్పుడు వినిపించింది. ఇద్దరం అలా వింటూ ఉండిపోయాం.

ఈ పేజీల్లో నేను ఎవరి పేర్లూ రాయలేదు. దాని పేరు రాయకపోవడానికి మాత్రం ఒక కారణం ఉంది. రాస్తే అది నా పేరే అవుతుంది, చదివినవాళ్ల మెప్పు మళ్లీ నా లెక్కలో పడుతుంది. దానిది ఇప్పటికే నా దగ్గర చాలా ఉంది. అందుకని మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. ఎప్పుడైనా మీ పని ఒకటి ఇంకొకరి సంతకం వల్ల నెరవేరితే, ఆ సంతకం పెట్టినవాళ్లకు ఏమి పోయిందో ఒక నిమిషం ఆలోచించండి. ఆలోచించి, కర్నూల్లో జాకెట్లు కుట్టుకునే మా చిన్నపాపను, పేరు లేకుండానే, ఒక్కసారి తలుచుకోండి.